చెక్కు వాడికి, మాట నాకు

నాయన పోయాడని వచ్చిన ఏడుపు కంటే, పోయే ముందు రోజు నా తమ్ముణ్ణి మంచం దగ్గరికి పిలిచి బ్యాంకు చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చాడని తెలిసినప్పుడు వచ్చిన ఏడుపే నాకు ఎక్కువ. వినడానికి ఇది బాగుండే మాట కాదు. అయినా ఆ ఎండాకాలం సంగతి చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో పొయ్యి కంటే నా కడుపే ఎక్కువ మండింది.

మడకశిరలో మాది దూదేకుల ఇల్లు. నాయన హజరత్ వలికి బజారులో పరుపుల అంగడి ఉండేది. పెద్దకొడుకును నేను, నూర్ అహమ్మద్. నా తర్వాత పీరాసాబ్, నాకంటే చాలా చిన్న, అప్పటికి పెళ్ళి కాలేదు. నేను అంగడిలో కూర్చుని బేరాలు చూసేవాణ్ణి. వాడు నాయన పక్కన కూర్చుని విల్లు పట్టి దూదేకేవాడు. హజరత్ వలి చేతి పని చిన్నోడికి వచ్చిందని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. పెద్దోడికి ఏం వచ్చిందని ఎవరూ అనలేదు. నాయన కూడా అనలేదు.

అరవై అయిదో సంవత్సరం అది. అంతకు ముందు ఏడు సర్కారు హాస్టళ్ళకు పరుపులు కుట్టే పని నాయనకు దొరికింది. అంత పెద్ద పని మా వంశంలో ఎవరూ చేసి ఎరగరు. దూది హిందూపురం శ్రీరంగప్ప అప్పుగా ఇచ్చాడు. పైగుడ్డ మా బజారులోనే ఉండే తిప్పయ్య ఇచ్చాడు, అదీ అప్పే. కుట్టిన పరుపుల్ని ఊరూరా చేరవేసింది మారెప్ప ఎద్దులబండి, దాని బాడుగ కూడా తర్వాత ఇస్తామనే చెప్పాం. సర్కారు వాళ్ళు చేతిలో దుడ్లు పెట్టరు కాబట్టి నాయన పేరుతో హిందూపురం బ్యాంకులో ఖాతా తెరిచాం. పరుపుల దుడ్లు ఆ ఖాతాలో పడ్డాయని తెలిసిన వారానికే నాయన మంచం పట్టాడు. దూది ధూళి ఊపిరిలోకి పోయి పోయి ముందే దగ్గు ఉండేది. శివరాత్రి దాటగానే పోయాడు. దుడ్లు బ్యాంకులో, అప్పులు ఊళ్ళో ఉండిపోయాయి.

మాలో ఒక ఆచారం ఉంది. మట్టి చేసే ముందు, నమాజుకు వరుసలు కట్టిన తర్వాత, పోయినవాని వారసుడు ముందుకొచ్చి నలుగురిలో ఒక మాట చెప్పాలి. ఈయన ఎవరికైనా బాకీ ఉంటే మా ఇంటికి రండి, మేము తీరుస్తాం, తీర్చలేనిది ఏమైనా ఉంటే పెద్దమనసుతో వదిలెయ్యండి అని. అప్పు తీరేదాకా పోయినవానికి నిమ్మళం ఉండదని మా నమ్మకం. ఆ మాట చెప్పినవాడే ఇక ఇంటికి పెద్ద అని అందరికీ తెలిసిపోతుంది.

ఇమాం సాబు మా వైపు చూశాడు. పెద్దకొడుకును నేను ఉండగా పీరాసాబ్ ఒక అడుగు ముందుకు వేశాడు. నోరు కూడా తెరిచాడు. నాకు ఒళ్ళు మండింది. నాయన బతికినన్నాళ్ళూ వాడిదే, పోయినాక కూడా వాడిదేనా అనిపించింది. వాణ్ణి భుజంతో నెట్టి ముందుకు పోయాను. ఆచారంగా చెప్పాల్సినంత చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"మా నాయన బాకీలన్నీ నావి. మా తమ్మునితో ఎవురికీ పని ల్యా. యాడ ఎంత ఉన్నా నన్నడగండి, నూర్ అహమ్మద్‌ను," అన్నాను.

వరుసల వెనక, గోడ దగ్గర, తల మీద తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకుని మారెప్ప, శ్రీరంగప్ప, తిప్పయ్య నిలబడి ఉన్నారు. ముగ్గురూ విన్నారు. పీరాసాబ్ ఒక్క అడుగు వెనక్కి వేసి వరుసలో కలిసిపోయాడు. వాడి ముఖం నేను చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. నాయన పోయిన దుఃఖంలో కూడా నాకు గుండె నిండినట్టయింది.

ఆ నిండుదనం మూడు రోజులే ఉంది. మూడోనాడు నాయన పేరున ఫాతెహా చదివించాక పీరాసాబ్ నా దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి మడిచిన చెక్కు తీసి చూపించాడు. కింద నాయన సంతకం, వంకర టింకరగా. పైన మొత్తం రాయలేదు. పోయే ముందు రోజు నాయన రాయించకుండా సంతకం మాత్రం పెట్టి, ఎంత ఉంటే అంత తెచ్చి అప్పులు కట్టెయ్ అని చెప్పాడట. రేపు హిందూపురం పోయి తెస్తానన్నా, నువ్వే నీ చేత్తో అందరికీ ఇద్దువు అన్నాడు.

నీ చేత్తో అన్నాడు, అది నిజం. కానీ నాకు ఆ మాట వినబడలేదు. సంతకం ఒక్కటే కనబడింది. ఆ రోజు నేను ఎక్కడున్నాను? అదే ఇంట్లో ఉన్నాను. నాయనకు కషాయం కాచి ఇచ్చింది నేను, వీపు నిమిరింది నేను. చెక్కు కావలసివచ్చేసరికి మాత్రం చిన్నోడు గుర్తొచ్చాడు. నా చేతికిస్తే అప్పులు కట్టనంటానా? ఎత్తుకుని పారిపోతానా? నాయన నన్ను ఏమనుకున్నాడో ఆ చెక్కులో రాసి ఉన్నట్టే నాకు అనిపించింది, ఖాళీగా వదిలిన చోట.

పొద్దున్నే మొదటి బస్సుకు నేనే పోయాను. ఇంట్లో శ్రీరంగప్పను కలవాలని చెప్పాను.

బ్యాంకు తలుపులు తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. అప్పట్లో బ్యాంకు పెద్దను ఏజెంటు అనేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. మీ ఖాతాదారుడు, మా నాయన చనిపోయాడు, ఆయన సంతకం పెట్టిన చెక్కు పట్టుకుని మా తమ్ముడు వస్తాడు, ఇవ్వొద్దు అని చెప్పాను. ఏజెంటు కళ్ళజోడు తీసి, మంచి పని చేశారు, చనిపోయినవారి చెక్కు చెల్లదు అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అలా అయితే పెద్దకొడుకును నేను, నాకు ఇచ్చెయ్యండి అన్నాను.

"మీకూ ఇవ్వలేనండి. మనిషి పోయాడని మాకు తెలిసిన క్షణం నుంచి ఆ ఖాతా కదలదు. కోర్టు నుంచి వారసుల సర్టిఫికెట్టు తెచ్చుకోండి. మీ అమ్మగారు, మీరు, మీ తమ్ముడు, అందరూ కలిసి సంతకాలు పెట్టాలి," అన్నాడు ఆయన.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే కోర్టు పని కదా అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాను. రెండో బస్సుకు పీరాసాబ్ వచ్చాడు. మంచి చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. లోపలికి పోయి కొంతసేపటికి బయటికి వచ్చాడు. చెక్కు చేతిలోనే ఉంది. చుట్టూ చూసి, నన్ను చూసి, రోడ్డు దాటి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాయన పోయినాడని ఎవురో వచ్చి చెప్పినారంటన్నా. దుడ్లు ఇయ్యరంట," అన్నాడు.

"తాలూకా అంతా తెలిసిందే గదా. ఎవురైనా చెప్పింటారు," అన్నాను.

వాడు ఇంకేమీ అడగలేదు. ఇద్దరం టీ తాగాం. టీకి డబ్బులు వాడే ఇచ్చాడు, అది కూడా నాకు కోపమే తెప్పించింది. నేను చేసింది తప్పా? చెల్లని చెక్కును చెల్లదన్నాను, అంతే. చట్టం నా వైపే ఉంది. చట్టం నా వైపు ఉండీ దుడ్లు మాత్రం ఇనప్పెట్టెలో ఉండిపోయాయి. ఊళ్ళో అప్పులన్నీ నా నెత్తిన ఉన్నాయి, నేనే అడిగి ఎత్తించుకున్నాను.

కోర్టుకు అర్జీ పెట్టుకున్నాం. వకీలు ఫీజుకు నా భార్య మాబున్నీసా వెండి కడియాలు పోయాయి. ఉగాది వచ్చేసరికి అప్పులవాళ్ళు రావడం మొదలుపెట్టారు. మొదట తిప్పయ్య. అంగడి ముందు నిలబడి, బేరగాళ్ళు వినేటట్టు, మాట ఇచ్చినోడివి నువ్వే గదప్పా అన్నాడు. మారెప్ప అరవలేదు. ఎద్దులకు మేత లేదన్నా, ఒకదాన్ని అమ్మేస్తాండా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చెప్పిన తీరుకు నేను రెండు రోజులు బజారు దోవన నడవలేకపోయాను. శ్రీరంగప్ప మనిషిని పంపించాడు. అందరూ నా దగ్గరికే వచ్చారు. పీరాసాబ్ పక్కన విల్లు పట్టుకుని కూర్చుని ఉన్నా వాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనే కదా వద్దన్నాను.

అంతకు ముందు వానాకాలం వానల్లేవు. వేరుశనగ పోయింది, రాగి పోయింది. గింజలు లేని ఇంట్లో కొత్త పరుపు ఎవరు కుట్టించుకుంటారు? అంగడిలో ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు పీరాసాబ్ తల వంచుకుని, కొంత నేనూ కడతానన్నా అన్నాడు. బాగానే అడిగాడు. నాకే నోరు ఊరుకోలేదు.

"నీకేమి పని? నాయన చెక్కు నీకిచ్చినాడు, మాట నాకిచ్చినాడు. నీ చెక్కు నువ్వు దాచిపెట్టుకో," అన్నాను.

నాయన నాకు ఏ మాటా ఇవ్వలేదు, నేను లాక్కున్నాను. వాడికి తెలుసు, నాకు తెలుసు. వాడు నా ముఖం వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకుంటాను. వాడికి ఎందుకంత బాధ కలిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. బాగా అయిందిలే అనుకున్నాను.

మరునాడు వాడు విల్లు భుజాన వేసుకుని ఉత్తరం దిక్కు పోయాడు. మా తాత కాలంలో దూదేకులవాళ్ళు అలాగే ఊరూరా తిరిగేవాళ్ళట. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని మళ్ళీ ఏకి, నింపి కుట్టి ఇచ్చేవాళ్ళు. నాయన అంగడి పెట్టాక ఆ తిరుగుడు మానేశాం. మాకు అది పరువు తక్కువ. ఇప్పుడు వీడు పావగడ వైపు కన్నడ ఊళ్ళు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. కొత్త పరుపు కొనలేనివాడు పాతది బాగుచేయించుకుంటాడు కదా. ఆ ఆలోచన నాకు రాలేదు, వాడికి వచ్చింది. దానికీ కుళ్ళుకున్నాను.

పది పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వచ్చేవాడు. తల, మీసాలు, కనురెప్పలు అంతా తెల్లగా దూది నుసి. అమ్మ హలీమాబీ వాకిట్లోనే వాణ్ణి కూర్చోబెట్టి కొంగుతో తుడిచేది. వాడి తట్టలో, అదే కంచంలో, సంకటి ముద్ద పెద్దగా పెట్టేది. ముద్దలు నేను కళ్ళతోనే కొలిచేవాణ్ణి. వాడి ముద్ద మీద ఊరిబిండి పచ్చడి ఎక్కువ. నాకు మజ్జిగ పలచన. దగ్గు వచ్చిందని వాడికి బెల్లం వేసి మిరియాల నీళ్ళు. నాకూ దగ్గు వస్తూనే ఉంది, ఎవరికీ వినపడదు. ఒకసారి కావాలనే గట్టిగా దగ్గాను. అమ్మ తలుపు వేసిరా, దుమ్ము వస్తాంది అంది.

మాబున్నీసా ఇదంతా చూసేది. నా కడుపులో మంట ఉండగా ఇంట్లోకి కట్టెలు కొనడం దండగ అని ఒకరోజు నవ్వుతూనే అంది. నేను తట్ట నెట్టేసి లేచిపోయాను. పస్తు పడుకున్నందుకు ఎవరూ బతిమాలలేదు.

నలభయ్యోనాటి ఫాతెహా అప్పులు తీరకుండానే గడిచిపోయింది. ఆ రోజు అమ్మ ఏడ్చింది. మీ నాయన ఇంకా బరువు దించుకోలేదు రా అంది. ఆ మాట నన్ను చూసే అంది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఎట్లయినా నా చేత్తోనే, నేనే, ఒక్కణ్ణే నాయన బాకీ తీర్చాలి. ఇంట్లో ఉన్న మేకలు అమ్మాను. కరువులో మేకకు ఏం ధర వస్తుంది, వకీలు గుమాస్తాకే చాల్లేదు. నాయన నిమ్మళం కోసం అని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ అందులో సగం, పీరాసాబ్ ముందు నిలబడి తీర్చేశాను రా అని చెప్పడం కోసం.

వైశాఖంలో ఒకరోజు మారెప్ప అంగడికి వచ్చాడు. నేను లోపలికి జారుకోబోయాను. ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. బజారులో నలుగురు చూస్తుండగా, నీ దుడ్లు ముట్టినాయి సామీ, ఎద్దును అమ్మకుండా కాపాడినావు, పీరాసాబ్ చేతికిచ్చి పంపిస్తివి, మాట అంటే నీదే మాట అన్నాడు.

నేను పంపించలేదని చెప్పాలి. బజారంతా నన్ను చూస్తోంది. పక్క అంగడి వాడు కూడా మెడ చాచి మరీ చూశాడు. తల ఊపాను. అవునన్నట్టే ఊపాను. మారెప్ప పోయాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. వాడు ఊరూరా తిరిగి నుసి మింగి సంపాదించి నా పేరుతో కట్టాడు. పేరు కూడా వాడు పెడితేనే నాకు వచ్చింది. ఎదురుగా నిలబడి, నువ్వు చేతకానివాడివన్నా అని తిట్టి ఉంటే కొట్టి ఉండేవాణ్ణి, మనసు చల్లబడేది. వాడు ఆ వీలు కూడా ఇవ్వలేదు.

వాడు వచ్చినప్పుడు నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఎప్పుడు నా ముఖాన కొడతాడా అని ఎదురు చూశాను. సంకటి తిని, విల్లు నారి బిగించుకుని మళ్ళీ పోయాడు. జ్యేష్ఠంలో తిప్పయ్య దారిలో ఎదురై, అంతా ముట్టింది, ఏమన్నా అనింటే మనసులో పెట్టుకోవద్దు నూర్ సాబు అన్నాడు. నూర్ సాబు అనడం అదే మొదలు. పెట్టుకోనులే అన్నాను పెద్దమనిషిలాగా. ఇంటికి వచ్చి గోడకు తల ఆనించి నిలబడ్డాను.

కోర్టు కాగితం ఆషాఢంలో వచ్చింది. అమ్మ వేలిముద్ర వేసిన కాగితాలు పట్టుకుని ఇద్దరం పొద్దున బస్సుకు హిందూపురం పోయాం. అదే ఏజెంటు. కాగితాలన్నీ చూసి, సంతకాలు చేయించుకుని, దుడ్లు తెప్పించి బల్ల మీద పెట్టాడు. మర్యాద మనిషి కదా, ఊరుకోకుండా నా వైపు చూసి నవ్వాడు.

"ఆ రోజు మీరు పొద్దున్నే వచ్చి చెప్పబట్టి అంతా పద్ధతిగా జరిగింది," అన్నాడు.

పీరాసాబ్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. వాడు కదలలేదు, కళ్ళు కూడా ఎత్తలేదు. దుడ్ల కట్టకు దారం చుడుతున్నాడు, పరుపు అంచు కుట్టేటప్పుడు చుట్టినంత నిదానంగా. అప్పుడు తెలిసింది. టీ హోటల్లో నా పక్కన కూర్చున్నప్పుడే వాడికి తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు.

ఇక మిగిలింది శ్రీరంగప్ప. దూది బాకీ, అన్నిటికంటే పెద్దది. అదైనా నా చేత్తో ఇస్తానని వాడికంటే ముందు నడిచి ఆయన మండీకి పోయాను. ఆయన లేచి నిలబడి కూర్చోమన్నాడు. సగం ముట్టిందప్పా, నీ తమ్ముడు తెచ్చిచ్చినాడు, ఆ మిగిలింది చాలు అన్నాడు. నాకు మిగిలింది సగమే అన్నమాట. ఆ సగం లెక్కపెట్టి ఇచ్చాను. శ్రీరంగప్ప దుడ్లు కళ్ళకద్దుకుని, హజరత్ వలి ఇక నాకు ఏమీ బాకీ లేడు అని మా ఇద్దరి ముందూ చెప్పాడు. ఆ మాటతో నాయన బరువు దిగింది. నాది దిగలేదు.

మధ్యాహ్నానికి ఇంటికి చేరాం. అమ్మ, మాబున్నీసా మా ముందు తట్టలు పెట్టారు. నేను చెయ్యి కడుక్కోకుండా, మిగిలిన దుడ్లు తీసి పీరాసాబ్ ముందు పెట్టాను. మారెప్పకు, తిప్పయ్యకు, శ్రీరంగప్పకు నువ్వు కట్టిందంతా తీసుకో అన్నాను. వాడు తన లెక్క ప్రకారం తీసుకున్నాడు, ఒక్క రూపాయి ఎక్కువా కాదు, తక్కువా కాదు. వద్దని బతిమాలించుకుంటాడని నేను అనుకున్నాను. అలా బతిమాలించుకుని ఉంటే ఇంకా మండేది.

"నా పేరు మీద ఎందుకు కట్టినావు రా? నీ పేరుతో కట్టింటే ఊరంతా నిన్నే పొగిడేది గదా," అన్నాను.

"మాట ఇచ్చింది నువ్వు గదన్నా. నా పేరు చెప్తే నీ మాట తప్పినట్లయితాది," అన్నాడు.

"బ్యాంకులో చెప్పింది నేనేనని తెలుసు గదా. ఒక్క మాటన్నా అడగకపోతివే."

వాడు సంకటి ముద్దలో వేలు గుచ్చాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో, వాడి దగ్గర నేను ఎప్పుడూ చూడనిది ఒకటి ఉంది, కానీ నాకు బాగా తెలిసినదే. అద్దంలో ఎన్నోసార్లు చూసుకున్నదే.

"చెక్కు పోతే పోనీ అన్నా. మట్టికాడ నన్ను నెట్టేస్తివి చూడు, అది మాత్రం నాకు ఇప్పటికీ మండుతాంది. నాయన మంచంలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎట్ల చెప్పల్లనా అని లోపల్లోపలే నేర్చుకునింటి. ఒక్కసారి నాయన కోసరం పదిమందిలో నిలబడి మాట్లాడల్లని ఆశ. అంగడిలో మాట్లాడేది నువ్వు, బేరం నువ్వు, పెద్దోడివి నువ్వు. నేను పుట్టినకాణ్ణుంచి దూది కాడనే కూచున్యా. నిన్ను చూసి కుళ్ళి చస్తాండా," అన్నాడు.

ఏం చెప్పను? నాకు సంతోషమైంది. సిగ్గుపడాల్సిన చోట ముందు సంతోషమే కలిగింది. వీడు, నాయన ముద్దులవాడు, అమ్మ ముద్దులవాడు, నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. ఏళ్ళ తరబడి ఎండిన గొంతులో ఎవరో నీళ్ళు పోసినట్టయింది. ఆ తర్వాతే వాణ్ణి సరిగ్గా చూశాను. ఎండకు నల్లబడి, నుసి పట్టి, ఎముకలు తేలి ఉన్నాడు. నాకంటే ముసలివాడిలాగా ఉన్నాడు.

"అమ్మ పోయినప్పుడు నన్ను చెప్పనియ్యన్నా. అంతే నేనడిగేది," అన్నాడు.

దుడ్లు ఇవ్వడం నాకు కష్టం కాలేదు. ఇది కష్టమైంది. పెద్దకొడుకు నోరు మూసుకుని వరుసలో నిలబడి ఉంటే ఊరు ఏమనుకుంటుంది? సరే రా, నువ్వే చెప్పు అన్నాను చివరికి. ఆ మాట బయటికి రావడానికి పట్టినంతసేపు ప్రసవానికి కూడా పట్టదని మాబున్నీసా తర్వాత వెక్కిరించింది.

అంతవరకూ అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వింటూనే ఉంది. నేను బతికి ఈడే కూచోనుండాను రా అని కూడా అనలేదు. మాబున్నీసా వైపు ఒకసారి చూసింది. సంగతి ముందే తెలిసినదానిలా మాబున్నీసా తల దించుకుంది. అమ్మ లేచి వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"ఈ నాలుగు నెలలూ తింటిరే, ఆ రాగులు యాడివని ఇద్దురిలో ఒకడన్నా అడిగితిరా?" అంది.

నేను పీరాసాబ్ వైపు చూశాను, వాడు నా వైపు చూశాడు. ఇంట్లో అన్న ఉన్నాడు కదా అని వాడు అనుకున్నాడు. వాడు తెచ్చి ఇస్తున్నాడు కదా అని నేను అనుకున్నాను. వాడు తెచ్చిన ప్రతి రూపాయీ నా పేరున అప్పులవాళ్ళకే పోయింది. నేను అమ్మిన ప్రతి మేకా కోర్టుకు పోయింది.

"ఊరి చివర బయమ్మ లేదా, ఆయమ్మ కాడ మూడు తూర్లు అప్పుకు తెచ్చినా. కరువులో ఆయమ్మ తన పిల్లోళ్ళకు తగ్గించి నాకు పోసింది. మీ నాయన బాకీ ఎవురు తీర్చల్లనా అని మీరు కొట్లాడుకుంటాంటే, నేను మీ కోసరం బాకీ చేస్తాండా. పెద్ద ముద్ద వానికి పెట్న్యా, చిన్న ముద్ద వీనికి పెట్న్యా అని చూసుకుంటిరి గానీ," అని ఆగింది.

నేను కొలిచిన ప్రతి ముద్దా నాకు గుర్తొచ్చింది. పస్తు పడుకున్న రోజు తోసేసిన ముద్ద కూడా. అది బయమ్మ పిల్లల నోటి దగ్గరది. తట్టలో చెయ్యి పెట్టబోయి తీసేశాను. పీరాసాబ్ కూడా తీసేశాడు.

"తినండి, పారబొయ్యద్దండి," అంది అమ్మ. "తిని, ఈ పొద్దే సంతలో మూట కొని ఆయమ్మకు ఇచ్చి రాపోండి. నేనేమీ బాకీ పెట్టుకోని పోను. నా మట్టికాడ మీ ఇద్దుర్లో ఎవురూ నోరు తెరిచేది వద్దు."

తిన్నాం. ఎవరి ముద్ద పెద్దదో ఆ రోజు నేను చూడలేదు.

సంతలో రాగులు బంగారం ధర పలుకుతున్నాయి. బేరం నేను చేశాను, దుడ్లు సగం వాడు ఇచ్చాడు. బయమ్మ ఇల్లు దూరం, ఎండ ఇంకా తగ్గలేదు. నేను వంగి మూట ఎత్తుకోబోయాను. మరో కొస అప్పటికే పీరాసాబ్ పట్టుకుని ఉన్నాడు.

"ఇడువన్నా, నేను మోస్తా," అన్నాడు.

"పెద్దోణ్ణి నేనుండంగ నువ్వెందుకు రా," అన్నాను.

వాడు వదల్లేదు, నేనూ వదల్లేదు. సంతలో జనం నవ్వుతున్నారు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని, ఒకరి అడుగు ఒకరికి కుదరక, మూట నేలకు తగిలించుకుంటూనే బయమ్మ గుమ్మం దాకా పోయాం.